బంగ్లా వంటింట్లో మా కాపురం

పోయిన ఎండాకాలం సెలవుల్లో మా పాపని తీసుకుని బొల్లారంలో రాష్ట్రపతి నిలయం చూడ్డానికి పోయాను. అల్వాల్లో పదిహేనేళ్ళ నుంచి ఉంటున్నాం, బండి మీద పది నిమిషాలు, అయినా ఇన్నాళ్ళూ పోలేదు, పక్కనున్నదాన్ని ఎవడు చూస్తాడు చెప్పండి. ఇదివరకైతే రాష్ట్రపతి చలికాలం విడిది అయిపోయాక కొన్ని రోజులు తోట వరకే పంపేవాళ్ళు, 2023 నుంచి లోపల గదులు కూడా ఏడాది పొడుగునా చూపిస్తున్నారు. 1860లో కట్టిన ఇల్లు, ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెంట్ విడిది, చుట్టూ 90 ఎకరాలు. రాష్ట్రపతి ఇల్లంటే ఏదో కోటలా ఉంటుందనుకుంది పాప, తీరా చూస్తే ఒక్కటే అంతస్తు, 11 గదులు. "ఇంతేనా?" అని మొహం ముడుచుకుంది. అసలు బంగ్లా అంటే ఇట్లనే ఉంటదమ్మా అన్నాను, పెద్ద తెలిసినోడిలా.

అక్కడ వంటిల్లు వేరేగా ఉంటుంది, భోజనాల గదికీ దానికీ మధ్య నేల కింద సొరంగం. ఇప్పుడు గోడలకి చేర్యాల బొమ్మలు వేశారు, ఎర్రటి నేపథ్యం, కళకళలాడుతోంది. ఆ సొరంగంలో నడుస్తూ పాప అడిగింది, "డాడీ, వంటింట్లోంచి ఇంత దూరం తెస్తే అన్నం చల్లారిపోదా?" అని.

నాకు టక్కున నవ్వొచ్చింది, ఆ వెంటనే గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది, ఎందుకంటే నేను పెరిగిందే అలాంటి వంటింట్లో.

చెప్తా.

1977 అనుకుంటా, నేను రెండో తరగతి. బాపుకి కాజీపేట నుంచి సికింద్రాబాద్ ట్రాన్స్‌ఫర్ అయింది, స్టేషన్లో పార్శిల్ ఆఫీసులో క్లర్కు. రైల్వే క్వార్టర్ వచ్చేదాకా ఎక్కడో ఒక దగ్గర తలదాచుకుందామని వెస్ట్ మారేడ్‌పల్లిలో ఒక పాత బంగ్లాలో పోర్షన్ కిరాయికి తీసుకున్నారు, నెలకి తొంభై రూపాయలు, ఆ తలదాచుకోడం పదకొండేళ్ళు నడిచింది. స్కూల్లో ఎవడో అడిగితే "మేం బంగ్లాలో ఉంటాం" అని చెప్పేశాను, అబద్ధం కాదుగా, దాంతో నన్ను నవాబు గారి మనవణ్ణి చూసినట్టు చూడ్డం మొదలుపెట్టారు. ఒకసారి ఇద్దరు దోస్తులు ఇంటికొస్తామని వెంటపడ్డారు. గేటు దగ్గర పోర్టికో, తెల్లటి స్తంభాలు చూసి నోళ్ళు తెరిచారు, నేను వాళ్ళని పక్కనుంచి మామిడి చెట్టు దాటించి, బావి దాటించి వెనక్కి తీసుకుపోతూనే ఉన్నాను, చివరికి నల్లటి పొగ గొట్టం ఉన్న పెంకుటింటి ముందు ఆపి "ఇదే" అన్నాను. ఒకడైతే "బంగ్లా ఏది రా?" అన్నాడు.

ఆ బంగ్లాకి ఒకప్పటి వంటిల్లు అన్నమాట మాది.

పాత బంగ్లాలన్నిటికీ వంటిల్లు విడిగానే ఉండేది. కట్టెల పొయ్యి, పొగ, నిప్పురవ్వలు, మొదట్లో గడ్డి కప్పులు కాబట్టి ఇల్లంటుకుంటుందన్న భయం, దానికి తోడు వేడి, వాసన, నౌకర్లు, ఇవేవీ దొరగారి కంటికీ ముక్కుకీ తగలకూడదు. అందుకని వెనకాల దూరంగా కట్టి, మధ్యలో కప్పున్న నడవ ఒకటి వేసేవాళ్ళు. మా నడవకి పన్నెండు కర్ర స్తంభాలు, పైన పెంకులు. ఆ పెంకుల్ని మా నానమ్మ బెంగుళూరు పెంకలు అనేది, కానీ కోతులు ఒకటి తోసేస్తే కిందపడ్డదాన్ని తిప్పి చూస్తే వెనక మంగళూరు పేరే ఉండేది ఇంగ్లీషు అక్షరాల్లో. మంగళూరులో 1865లో బాసెల్ మిషన్ వాళ్ళు ఫ్యాక్టరీ పెట్టి మొదలుపెట్టారు ఈ పెంకులు, దేశమంతా పాకాయి. మంగళూరు పోయి మన నోట్లో బెంగుళూరు ఎప్పుడైందో మరి.

మేముండే గది ఒక్కటే గది, కానీ ఇప్పటి నా టూ బెడ్రూం ఫ్లాట్‌లో హాలూ కిచెనూ కలిపినంత ఉండేది. ఒక గోడ పొడుగూతా ఇటుకల దిమ్మె, దాని మీద వరసగా నాలుగు పొయ్యిల గుంటలు. అమ్మ ఒక గుంట మీద రేకు పరిచి కిరోసిన్ స్టవ్ పెట్టుకుంది, రెండో దాంట్లో బియ్యం డబ్బా, మూడోది దేవుడికి ఇచ్చేసింది, నాలుగోది నా స్కూల్ పుస్తకాలకి. పైన దూలాలు బొగ్గులా నలుపు. ప్రతి దసరాకీ బాపు రెండు కోట్లు సున్నం వేయించేవాడు, సంక్రాంతికల్లా ఆ మసి మెల్లగా సున్నంలోంచి టీ డికాక్షన్ రంగులో బయటికొచ్చేది, ఎవరో లోపల్నుంచి పిచికారీ కొడుతున్నట్టు. "వందేండ్ల పొగ గోడ తాగింది, నీ రెండు కోట్లకు కక్కుతదా" అనేది నానమ్మ. వానాకాలంలో గోడ చెమ్మగిల్లితే వాసనొచ్చేది చూడండి, ఎప్పుడో ఎవరో మాడ్చిన నెయ్యి వాసన, నిజంగా, ఇప్పటికీ నెయ్యి మాడితే నాకు వాన గుర్తొస్తుంది.

ముందు బంగ్లాలో ఒక పెద్దావిడ ఉండేది, ఒక్కతే. మేం పిల్లలం బంగ్లా అమ్మమ్మ అనేవాళ్ళం, అమ్మ మాత్రం పెద్దమ్మగారు అనేది. పిల్లలు విదేశాల్లో, భర్త పెద్ద ఆఫీసరుగా చేసి పోయారు. ఆవిడకి మంచి మూడ్ ఉన్న రోజున నాకు లోపలికి పోవడానికి పర్మిషన్. నాలుగు మెట్లెక్కితే వరండా, అది ఇంటి చుట్టూ తిరిగి మళ్ళీ మొదటికే వస్తుంది, ఒకసారి పరిగెత్తడం మొదలుపెడితే ఆగే చోటుండదు. ఎండాకాలం వరండాకి వెదురు తెరలు దింపేవాళ్ళు, ఒక పక్కన వట్టివేళ్ళ తడికెలు కట్టి నీళ్ళు చల్లేవాళ్ళు, ఆ వాసనకే సగం చల్లబడిపోయేవాళ్ళం. లోపల షాబాదు బండలు, మే నెల మధ్యాహ్నం కూడా వీపుకి చల్లగా తగిలేవి. మూరెడు మందం గోడలు, డంగు సున్నంతో కట్టినవి, గానుగలో ఎడ్లతో ఆడించి కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు కలిపేవాళ్ళట, మేకు కొడితే మేకే వంగేది. కప్పు ఎంత ఎత్తంటే ఫ్యాన్ కడ్డీ మా ఇంటి గడకర్రంత పొడుగు. గోడల పైభాగాన చిన్న చిన్న వెంటిలేటర్లు, తాడు లాగితే తెరుచుకుంటాయి, వేడి గాలి పైకి లేచి వాటిల్లోంచి పోతుంది, కింద తలుపుల్లోంచి చల్లగాలి వస్తుంది, ఇదంతా ఇప్పుడు చెప్తున్నా కానీ అప్పుడు నాకు తెలిసిందల్లా ఆ తాడు పట్టుకుని ఊగితే తిట్లు పడతాయని.

పడగ్గదిలో ఒక బెజ్జం ఉండేది. కప్పుకి కొంచెం కింద, గోడ ఈ పక్కనుంచి ఆ పక్కకి, లోపల ఇత్తడి గొట్టం బిగించి ఉంది, నా బొటనవేలు పట్టేంత. దాంట్లో ఎప్పుడూ కందిరీగలు. ఎందుకిది అని ఎన్నిసార్లడిగినా ఎవరూ చెప్పలేదు. ఒకరోజు బంగ్లా అమ్మమ్మే చెప్పింది, కరెంటు రాకముందు కప్పుకి పెద్ద గుడ్డ పంఖా వేలాడేదట, దాని తాడు ఆ బెజ్జంలోంచి వెనక వరండాలోకి పోయేదట, అక్కడ ఒకడు కూచుని రాత్రంతా లాగుతుండాలి, నిద్రొస్తే తాడు కాలి బొటనవేలికి కట్టుకుని పడుకునే లాగేవాడట. నేను వెంటనే వెనక వరండాకి పోయి చూశాను. బెజ్జానికి సరిగ్గా కింద, బండ ఒక చోట మిగతా బండలకన్నా నున్నగా ఉంది. అది వాడు కూచుని కూచుని అరిగిందా, వేరే దేనికన్నా అరిగిందా, ఏమో, నేను మాత్రం వాడిదే అని తేల్చేసుకున్నాను. ఆ తర్వాత ఎప్పుడు ఆ పక్కనుంచి పోయినా ఆ బండ మీద కాలు పెట్టకుండా దాటేవాణ్ణి.

దోమలు మాత్రం నరకం. చెట్లు, బావి, పాత నీళ్ళ తొట్లు, ఇంకేం కావాలి వాటికి. "ఈ సికింద్రాబాద్ దోమ అంటే మాటలనుకున్నవా, దానికోసం ఇంగ్లాండు డాక్టరుకు ప్రైజొచ్చింది" అనేవాడు బాపు దోమతెర కడుతూ, నిజమే, రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టింది ఇక్కడే, బేగంపేటలో ఆ పాత భవనం ఇంకా ఉంది.

నానమ్మకి ముందు బంగ్లా అస్సలు నచ్చలేదు. ఆమె జనగామ దగ్గర ఊళ్ళో భవంతి ఇంట్లో బతికిన మనిషి, నడుమ ఖాళీ, చుట్టూ అర్రలు, వాన పడితే ఇంటి నడిమధ్యన పడాలి, ఆడవాళ్ళు పొద్దంతా ఆకాశం కింద ఉంటారు కానీ తొవ్వన పొయ్యేవాడికి కనపడరు. ఇక్కడేమో ఇల్లంతా నడుమన ముద్దగా ఉంది, ఖాళీ అంతా చుట్టూ ఉంది. మొదటిరోజు ఒక చుట్టు తిరిగొచ్చి "ఇదేం ఇల్లురా, అంగీ తిరగేసి తొడుక్కున్నట్టున్నది" అంది. ఆర్కిటెక్చర్ మీద ఈ మధ్య నేను చదివినవాటిల్లో ఎవరూ ఇంత సూటిగా చెప్పలేదు. మన భవంతి, కోస్తావాళ్ళ మండువా లోగిలి, పాతబస్తీ దేవిడీలు అన్నీ లోపలికి చూసే ఇళ్ళు, బంగ్లా ఒక్కటే బయటికి చూస్తుంది. పరాయి దేశంలో ఉన్నవాడు నలుదిక్కులా ఎవరొస్తున్నారో చూసుకోవాలి, గాలికోసం నలుదిక్కులా తలుపులు పెట్టుకోవాలి, పైగా చుట్టూ ఇంత జాగా నాది అని జనానికి తెలియాలి. అందుకే ఇంగ్లీషువాళ్ళు నిజాం దగ్గర సైన్యం పెట్టుకుంటే 1806లో అప్పటి నిజాం సికిందర్ జా పేరుతో సికింద్రాబాద్ వెలిసినప్పట్నుంచీ కంటోన్మెంట్ వైపంతా ఇవే ఇళ్ళు, మూసీ అవతల మాత్రం దేవిడీలు. ఒకే ఊళ్ళో రెండు రకాల ఇళ్ళు, ఒకటి లోపలికి తిరిగి, ఒకటి బయటికి తిరిగి.

ఇక ఈ బంగ్లా అన్న మాట కథ ఇంకా విచిత్రం. మనం బంగళా అంటే జమీందారు, కుక్క, గేటు, గుమాస్తా గుర్తొస్తారు కదా, నిజానికి బంగ్లా అంటే 'బెంగాల్‌ది' అని, అంతే. అక్కడి పల్లెల్లో గుడిసె. ఎత్తైన మట్టి అరుగు, వెదుర్లు విల్లులా వంచి పైన గడ్డి, ఆ వంపు మూలాన వాన నీళ్ళు నిలవకుండా జారిపోతాయి. ఆ వంపు మొగలాయిలకి ఎంత నచ్చిందంటే, ఆగ్రా కోటలో షాజహాన్ కట్టించిన మంటపాలకి అదే గుడిసె కప్పు ఆకారం, కాకపోతే గడ్డికి బదులు రాగి రేకు మీద బంగారు పూత. గడ్డి ఇల్లు బంగారంతో, సరే. ఆ తర్వాత 17వ శతాబ్దంలో హుగ్లీ ఒడ్డున దిగిన ఇంగ్లీషు కంపెనీ వాళ్ళు కూడా అవే గుడిసెలు వేసుకున్నారు, తాత్కాలికంగానే. మా బాపు తాత్కాలికం లాంటిదే అదీ. చుట్టూ వరండా చేరింది, గడ్డి పోయి పెంకొచ్చింది, పెంకు పోయి మిద్దె వచ్చింది, ముందు స్తంభాలు, బగ్గీ ఆగడానికి పోర్టికో. దారుల వెంట ప్రయాణికులకి డాక్ బంగ్లాలు, మన జిల్లాల్లో ట్రావెలర్స్ బంగ్లాలు, టీబీ అనేవాళ్ళు, ఊరికి కొత్తగా వచ్చినవాడెవడన్నా "తహసీల్దారు గారు టీబీలో ఉన్నారు" అని వింటే పాపం దగ్గనుకునేవాడు.

అక్కణ్ణుంచి అది ఓడెక్కి 1870 ప్రాంతాల్లో ఇంగ్లాండులో కెంట్ సముద్రం ఒడ్డున దిగింది, తర్వాత అమెరికాలో కాలిఫోర్నియా, అక్కడ 1900 తర్వాత ముప్పై ఏళ్ళ పాటు మామూలు ఉద్యోగస్తుడి ఇల్లంటే బంగ్లానే. వాలు కప్పు, ముందు పంచ, మెట్లు లేని చిన్న ఇల్లు, పనివాళ్ళు ఉండరు కాబట్టి వంటిల్లు మళ్ళీ ఇంట్లోకి వచ్చేసింది. సియర్స్ అనే కంపెనీ అయితే 1908 నుంచి 1940 దాకా క్యాటలాగులో బొమ్మ చూపించి ఇల్లు అమ్మింది, బొమ్మ చూసి ఆర్డరిస్తే దూలాలు, తలుపులు, మేకులతో సహా రైలు వ్యాగన్లో వచ్చేది, దించుకుని మనమే బిగించుకోవాలి. ఇది చదివినప్పుడు నాకు బాపు గుర్తొచ్చి ఒకటే నవ్వు, జీవితమంతా పార్శిల్ ఆఫీసులో మామిడికాయ బుట్టలు, కోళ్ళ గంపలు, సైకిళ్ళు బుక్ చేసిన మనిషి, "ఇల్లు పార్శిలుకి వేబిల్లు ఏ రేటు మీద రాయాలె" అని తప్పకుండా అడిగేవాడు.

ఇంకో ముచ్చట. ఇంగ్లాండులో ఉండే మా చెల్లె కొడుకు రెండేళ్ళ కింద ఫోన్ చేసి "మామయ్యా, బంగ్లా కొన్నాను" అన్నాడు. మా ఇంట్లో పండగ. మా ఆవిడ వీధిలో నలుగురికీ లడ్లు పంచింది. తర్వాత వీడియో కాల్లో చూస్తే రెండు పడగ్గదులు, ఒక పొట్టి కప్పు, అటూ ఇటూ పక్కింటివాళ్ళంతా డెబ్బై దాటిన ముసలివాళ్ళు. అక్కడ బంగ్లా అంటే మెట్లెక్కలేనివాళ్ళుండే ఒంటంతస్తు ఇల్లట. ఇక్కడ జూబ్లీహిల్స్‌లో లిఫ్టు పెట్టిన మూడంతస్తులదాన్నేమో బంగ్లా అంటున్నాం.

సరే, నడవ దగ్గరికి వస్తా, అసలు చెప్పాలనుకున్నది అదే.

ఆ నడవ మా వైపు మా గుమ్మంలోకి తెరుచుకుంటుంది, ఆ చివర బంగ్లా భోజనాల గది తలుపు, అది ఎప్పుడూ వాళ్ళ వైపు నుంచి గడియ. మధ్యలో జాగా ఎవరిదీ కాదు కాబట్టి మాదే. నా చదువు అక్కడే, నానమ్మ చాప అక్కడే, చెల్లె తొక్కుడుబిళ్ళ అక్కడే. 1982లో అనుకుంటా, బంగ్లా అమ్మమ్మ వంటమనిషి కూతురి పురుటికని ఊరికి పోయి మళ్ళీ రాలేదు. నాలుగు రోజులు ఆవిడ బ్రెడ్డు తిని ఉంది, ఐదోరోజు జ్వరం. పనమ్మాయి చెప్తే అమ్మ ఒక గిన్నెలో చారు, ఇంకో దాంట్లో మెత్తగా కలిపిన అన్నం పట్టుకుని పోయింది. ఆ తలుపు గడియ తీసిన చప్పుడు నాకింకా గుర్తుంది, అన్నేళ్ళు తియ్యక గీ...మని ఏడ్చినట్టు తెరుచుకుంది. ఇక రోజూ రెండు పూటలా అదే పని అయింది.

నానమ్మకి మండిపోయింది. "వందేండ్ల కింద ఏ తొవ్వల పొయిందో బువ్వ మళ్ళ గదే తొవ్వల పోతున్నది. మనం కిరాయిదార్లమా, వంటోళ్ళమా?" అని పెద్దగా, అవతలికి వినపడేలాగే అంది. బాపు పేపర్లో మొహం దాచుకున్నాడు. అమ్మ ఏం మాట్లాడలేదు, మూత పెట్టి గిన్నె ఎత్తుకుని పోయింది. నాకైతే నానమ్మ అన్నది కరెక్టే అనిపించింది, పదమూడేళ్ళవాణ్ణి, రోషం, అప్పటికే స్కూల్లో 'బంగ్లా వంటిల్లు' అని పేరు పడింది నాకు. ఒకరోజు అమ్మ చేతిలోంచి గిన్నె లాక్కుని "నువ్వెందుకు పోవాలె, ఆమెనే రమ్మను" అని అరిచాను కూడా. అమ్మ ఏం తిట్టలేదు, చారు ఒలికిందేమో అని కింద చూసిందంతే.

వారం తర్వాత, మధ్యాహ్నం, అమ్మ ఇంకా పోపు పెడుతోంది, నడవలో కర్ర టకటక. బంగ్లా అమ్మమ్మ. స్తంభం స్తంభానికీ ఆగుతూ, వాటిని పట్టుకుంటూ వచ్చి మా గుమ్మం దగ్గర నిలబడి, "అమ్మాయ్, నువ్వు తెచ్చేసరికి చల్లారిపోతోంది, ఇక్కడే తింటాను" అంది. నేను అరిచింది విని వచ్చిందా, నిజంగానే వేడన్నం కోసం వచ్చిందా, అడిగే ధైర్యం నాకెప్పుడూ రాలేదు. నానమ్మే లేచింది, గొణుక్కుంటూనే, పీట వాల్చి కొంగుతో తుడిచింది. ఆవిడ కూచోడానికి చాలాసేపు పట్టింది. కూచున్నాక తింటానికి ముందు చుట్టూ చూసింది, దిమ్మె, పొయ్యి గుంటల్లో నా లెక్కల పుస్తకాలు, నల్ల దూలాలు, పైన పొగ గొట్టం. "1938లో కొత్తకోడలిగా వచ్చానమ్మా ఈ ఇంటికి, ఈ గదిలోకి రావడం ఇవ్వాళే" అంది.

నానమ్మ ఆవిడ విస్తట్లో ఇంకో గరిటె పప్పు ఎక్కువ వేసింది.

తర్వాత ఆరేళ్ళు ఆవిడ మధ్యాహ్నం భోజనం మా దగ్గరే, రాత్రికి మాత్రం అమ్మ పట్టుకెళ్ళేది. వాళ్ళిద్దరూ, నానమ్మా ఆవిడా, రోజూ దేనికో దానికి పోట్లాడుకునేవాళ్ళు, ఎక్కువగా ఇళ్ళ మీదే, వరండా గొప్పదా వాకిలి గొప్పదా అని. ఆవిడ 1988లో పోయారు, మాకు క్వార్టర్ వచ్చింది, పిల్లలు విదేశాల నుంచి వచ్చి బేరం పెట్టారు. ఇప్పుడక్కడ ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, బోర్డు మీద ఏదో 'మాన్షన్' అని ఉంది. కూలగొట్టేటప్పుడు బాపూ నేనూ పోయి చూశాం. డంగు సున్నం గోడ సమ్మెటకి లొంగక కూలీలు తిట్టుకుంటున్నారు. పంఖా బెజ్జంలో ఇత్తడి గొట్టం ఇస్తారేమో అడుగుదామనుకున్నాను, అప్పటికే ఎవరో పీకేసుకున్నారు. ఒక్క పెంకు మాత్రం తెచ్చుకున్నాం, ఇప్పుడు మా బాల్కనీలో తులసి కుండీ కింద ఉంది.

నిలయం నుంచి ఇంటికొచ్చాక పాప ఊరుకోక నానమ్మకి ఫోన్ చేసింది, అదే మా అమ్మకి, కాజీపేటలో చెల్లె దగ్గర ఉంటోంది, డెబ్బై ఎనిమిదేళ్ళు, నిన్న ఏం తిన్నదో అడిగితే చెప్పలేదు ఈ మధ్య. స్పీకర్లో పెట్టి నేనే అడిగాను, "అమ్మా, మారేడ్‌పల్లి ఇంట్లో మన గుమ్మం నుంచి పెద్దమ్మగారి భోజనాల గదికి ఎంత దూరం ఉండేదే?"

ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "పోయేటప్పుడు ముప్పై అడుగులురా, చారు గిన్నె నిండుగుంటది గద. ఒట్టి గిన్నెతోని వచ్చేటప్పుడు ఇరవై రెండు."